లైను పోయింది డెబ్భైలోనట!

కొత్తగరువులో సర్వమంగళ కేబుల్ నెట్ వారి డబ్బా లేని ఇల్లు లేదు, ఆ డబ్బాని తిట్టని నోరూ లేదు. మంగతాయారు ఇంట్లో అది టీవీ బల్ల మీద, ఆవిడ పెళ్ళికి ఎవరో చదివించిన ఇత్తడి మరచెంబు పక్కన కూర్చుని ఉంటుంది. లైను బాగుంటే దాని దీపాలు పచ్చగా నిలకడగా వెలుగుతాయి. బాగోలేదంటే మినుకుమినుకుమంటాయి. మోడెమ్ అనడానికి మంగతాయారుకి నోరు తిరక్క కాదు, దాని మీద ఆపాటి గౌరవం లేక. "ఆ మినుకులది" అంటుంది, అంతే.

ఆ మినుకులది సరిగ్గా ఉంటేనే కోడలు హిమజ ఉద్యోగం సరిగ్గా ఉంటుంది. పట్నంలో ఓ పెద్దాసుపత్రికి వచ్చే ఫోన్లన్నీ ఈ పిల్లే, నడిమింట్లో చెవులకి ఆ గొట్టాలు తగిలించుకుని కూర్చుని, వింటుంది. ఎవరికి ఏ డాక్టరు ఎప్పుడు దొరుకుతాడో చెబుతుంది. అది సంపాదించుకోడానికి ఎన్ని పరీక్షలు రాసిందో, ఎన్ని గడపలెక్కిందో మంగతాయారుకి తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు. కొడుకు లారీ మీద నాగపూరు వైపు పోతే ఎప్పటికి వస్తాడో చెప్పలేం, వచ్చినా పడుకునే ఉంటాడు. ఆ ఇంట్లో మంగతాయారు కబుర్లు మొదలు నుంచి చివరిదాకా వినే ప్రాణి హిమజ ఒక్కతే. అన్నాల దగ్గర కూర్చున్నారంటే ఇద్దరికీ చెయ్యి ఎండిపోవలసిందే గాని లేవరు.

వానలు పట్టాయో లేదో మినుకులది పేచీ మొదలెట్టింది. ఎవరో పెద్దాయన "అమ్మా, నా గుండెలో..." అన్నాడట, అంతలో లైను పోయింది. గుండెలో ఏముందో ఆయనకే తెలియాలి. హిమజ పైఅధికారిణి మంచిదే, కానీ ఆవిడకీ పైన ఒకావిడ ఉంది. "వచ్చే వారమంతా నీ లైను మేం కనిపెట్టి చూస్తాం. ఒక్కసారి తెగినా పట్నం వచ్చి హాస్టల్లో ఉండి ఆఫీసులో పని చెయ్యి, లేదా మానెయ్యి" అని తేల్చి చెప్పేసింది.

"హాస్టలేమిటే? నువ్వెళ్ళిపోతే నేనెవరితో మాట్లాడను, గోడతోనా?" అంది మంగతాయారు.

"గోడైతే నయం కదా అత్తయ్యా, మధ్యలో ఫోన్ మోగిందని లేచిపోదు" అంది హిమజ. అని నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. ముక్కు ఎర్రబడింది.

పూర్వమైతే ఇదంత పెద్ద గొడవ కాదు. కంపెనీకి ఫోన్ చేస్తే దావీదు వెదురు నిచ్చెన భుజానేసుకుని వచ్చేవాడు, స్తంభం ఎక్కి ఏదో కెలికేవాడు, కాఫీ తాగి పోయేవాడు, లైను వచ్చేది. ఇప్పుడలా కాదు. ఫిర్యాదుల పరిశీలనాధికారి బొండాడ త్రినాథరావు గారు సముద్రం ఒడ్డున ఏదో పెద్ద హోటల్లో శిక్షణకి వెళ్ళొచ్చారు. అక్కడ ఆయనకి జ్ఞానోదయమైంది. మనిషన్నవాడు అబద్ధమాడతాడు, డబ్బా ఆడదు. డబ్బా తనకి ఎప్పుడేం జరిగిందో తేదీ వేసి తనే రాసుకుంటుంది, దాన్ని లాగ్ అంటారు. ఆ లాగ్ చూడకుండా దావీదు గడప దాటడానికి వీల్లేదు. "లాగ్‌లో లేని కష్టము కష్టము కాదు" అని ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు కూడా.

మంగతాయారు ముక్కు మీద వేలేసుకుంది. తను మూడో క్లాసుతో పలక పక్కన పెట్టేసింది. టీవీ బల్ల మీద చెంబు పక్కనున్న డబ్బా మాత్రం ఇన్నాళ్ళూ డైరీ రాస్తోందన్నమాట.

"ఏం రాసిందో చదివి పెట్టవే. మన గురించి గాని ఏవన్నా రాసిందా?"

హిమజ ల్యాప్‌టాప్‌లో ఆ లాగ్ తెరిచింది. చదువుతూ చదువుతూ నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. లైను బాగున్నప్పుడు రాసిన వాటికన్నిటికీ తేదీలు సరిగ్గా ఉన్నాయి. లైను పోయిందని రాసిన ప్రతి చోటా మాత్రం ఒకటే తేదీ, పంతొమ్మిది వందల డెబ్భై, జనవరి ఒకటి.

"ఇదేం చోద్యమే?"

"చోద్యం కాదత్తయ్యా. ఈ డబ్బాకి సొంత గడియారం లేదు. టైము కూడా ఆ లైను మీంచే తెచ్చుకుంటుంది. లైను పోయి, మళ్ళీ మొదటి నుంచి లేచినప్పుడు దానికి ఈరోజేమిటో తెలీదు. ఇలాంటి యంత్రాల లెక్కంతా ఆ రోజు నించే మొదలు, అందుకని తెలీనప్పుడు ఆ తేదీయే వేసేస్తుంది."

"అంటే స్పృహ తప్పినవాడు లేచి, నేనెక్కడున్నాను, ఇదేవూరు అన్నట్టు."

"అచ్చం అంతే."

"మరింకేం, ఆ ముక్కే ఆ త్రినాథరావుకి చెప్పు."

హిమజ వెళ్ళి చెప్పింది. త్రినాథరావు గారు కళ్ళజోడు తుడుచుకుని అంతా విన్నారు. ఆయన మంచి మనిషే, గొంతెత్తి మాట్లాడి ఎరగరు. ఆయన నోటి వెంట వచ్చే ప్రతి మాటా టైపు కొట్టించి సంతకం పెట్టినట్టుంటుంది.

"తమరి ఫిర్యాదు యథార్థమే. లాగ్‌లో నమోదై యున్నది. సంస్థ దానిని సంతోషపూర్వకముగా అంగీకరించుచున్నది."

"థాంక్సండీ. దావీదుని ఎప్పుడు పంపుతారు?"

"తొందరపడరాదు. సదరు అంతరాయము పంతొమ్మిది వందల డెబ్భై జనవరి ఒకటిన సంభవించినది. ఆనాటికి తమరి వయస్సు?"

"నేను పుట్టనే లేదండీ!"

"చూశారా. జన్మించకపూర్వము కలిగిన అసౌకర్యమునకు తమరు ఏ విధముగా బాధితులు? ఆ దినమున ఆ ఇంట నివసించి, నేటికిని సజీవులై యున్న వారెవరైనా స్వయముగా వచ్చి వాఙ్మూలమీయవలెను."

"అది డబ్బా తప్పు తేదీ అండీ. అప్పటికి మీ కంపెనీయే లేదు కదా!"

"అదియే మూలకారణము. కంపెనీ లేకపోవుటచే ఆ దినమున సిబ్బంది కొరత తీవ్రముగా నుండెను. నివేదికలో అటులనే వ్రాసితిమి."

హిమజ ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగి ఈ మాటలు చెబితే, మంగతాయారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగింది. "ఆ రోజు ఈ ఇంట్లో ఉన్నవాళ్ళా? నేను ఉన్నానుగా! ఇది మా నాన్న కట్టించిన ఇల్లు. నీ మావగారు ఇల్లరికం వచ్చిన మనిషి. నాకప్పటికి పదేళ్ళు. ఆ రోజు గురువారం కూడాను."

"మీకు గుర్తుందా అత్తయ్యా?"

"గుర్తుండకపోవడమేమిటే, మరీ చోద్యం."

మర్నాడు అత్తాకోడళ్ళు ఆఫీసుకి వెళితే అక్కడ తీర్థంలా ఉంది జనం. ఊళ్ళో అందరి లైన్లూ పోయింది ఆ ఒక్కరోజే కదా మరి! అందుకని మేడ మీద "డెబ్భై విభాగము" అని కొత్తగా బోర్డు కట్టారు. గోడకి ఆనాటి ఊరి పటమొకటి తగిలించి, ఎక్కడెక్కడ లైను పోయిందో అక్కడ గుండుసూదులు గుచ్చారు. వరండా పొడుగునా ముసలాళ్ళు. కుర్చీల్లో ఎత్తుకొచ్చిన వాళ్ళు, ఆటోలో పడుకోబెట్టి తెచ్చిన వాళ్ళు. పెద్దవాళ్ళు లేని ఇళ్ళవాళ్ళు పక్కవీధి నుంచి అరువు తెచ్చుకున్నారు. పైడయ్య అని ఓ తాత, ఆ ఒక్కరోజు పొద్దున్నే నాలుగిళ్ళలో చద్దన్నం తిన్నట్టు నలుగురి తరఫునా చెప్పి పట్టుబడిపోయాడు.

"అంత తింటే అరిగిందా పైడయ్యా?" అంది మంగతాయారు.

"ఏం చేతును చెల్లెమ్మా, అందరూ మా తాతవే అంటుంటే మొహమాటం" అన్నాడాయన.

ఇంకో సంగతేమంటే, ఈ ఏడాది మొత్తం మీద ఊళ్ళో ఒక్కసారి కూడా లైను పోలేదని లాగ్‌లు తేల్చాయి. అన్నీ డెబ్భైలోనే పోయాయి. అందుకని సర్వమంగళ వారు అంతరాయం లేని సేవకి తమకి తామే ఒక జ్ఞాపిక ఇచ్చుకుని, అది తీసుకుంటున్న ఫోటో మెట్ల దగ్గర పెట్టారు. ఆ ఫోటో కింద నిలబడే జనం తిట్టుకుంటున్నారు.

మంగతాయారు వంతు వచ్చింది. గుమాస్తా కంప్యూటరు ముందు వేళ్ళు విరుచుకుని కూర్చున్నాడు, ఆవిడన్నది అన్నట్టు ఎక్కించడానికి. త్రినాథరావు గారు గొంతు సవరించుకున్నారు.

"ఆ దినమున తమకు జ్ఞాపకమున్నంత వరకు జరిగినది చెప్పుడు."

ఆ మాట మంగతాయారుతో అనకూడదు. హిమజ అత్తగారి మోచెయ్యి పట్టుకుని గిల్లింది గాని అప్పటికే ఆలస్యమైపోయింది.

"చెబుతాను బాబూ, దానికేం. పొద్దున్నే మా నాయనమ్మ నూతి దగ్గర కాలు జారి పడింది. పడి, తన్ని తోశావని మా పిన్నిని తిట్టింది. మా పిన్ని అప్పుడు వంటింట్లో ఉంది, ఎలా తోస్తుంది? ఇద్దరికీ మాటలు లేవు ఆ పూటంతా. పప్పులో ఉప్పు వెయ్యమని ఒకరికొకరు చెప్పుకోక ఉప్పే పడలేదు. అది తిని మా నాన్న కిక్కురుమనలేదు, ఎవరి పక్కన మాట్లాడినా ప్రమాదమే కదా. అంతలో మా మేనమామ రాజమండ్రి నించి రేడియో తెచ్చాడు. ఊళ్ళో మాదే మొదటి రేడియో. పెరట్లో రెండు కొబ్బరిచెట్లుండేవి, వాటికి ఈ చెట్టు నించి ఆ చెట్టుకి తీగ కట్టి..."

త్రినాథరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "తీగ! తీగ యున్నదా?"

"ఉండకేం, మిలమిలా మెరిసే రాగి తీగ. అంత బాగుంటే ఊరుకుంటామా? నా పట్టుపావడా ఉతికి దాని మీద ఆరేశాను. తీగ కాస్తా తెగింది. లోపల రేడియోలో ఎవరో పాడుతున్నావిడ నోరు టక్కున మూసుకుపోయింది. మా మావయ్య పెరట్లోకి పరిగెత్తుకొచ్చి..."

"వ్రాయుము!" అన్నారు త్రినాథరావు గారు గుమాస్తాతో. ఆయన మొహం వెలిగిపోతోంది. "అంతరాయమునకు కారణము, వినియోగదారు తడి వస్త్రమును సంస్థ తీగపై ఆరవేయుట. బాధ్యత పూర్తిగా వినియోగదారుదే. నియమావళి ప్రకారము కనెక్షను తొలగించవలెను."

హిమజ మొహం తెల్లబోయింది. "అయ్యో, అదేమిటండీ! సోమవారం నించి నన్ను కనిపెట్టి చూస్తారు. లైను తీసేస్తే నా ఉద్యోగం పోతుంది!"

"అమ్మాయీ, లైనును మేము తొలగించుట లేదు. పావడా తొలగించినది."

మంగతాయారుకి నోరు పెగల్లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడకి ఇదే మొదటిసారి. తన నోరే తన కోడలి కూటికి అడ్డం పడిందే అనుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంటుంటే, త్రినాథరావు గారు ఆ సంబరంలోనే చివరి ప్రశ్న అడిగేశారు. ఫైలు మూయడానికి అదొక్కటే మిగిలింది. మామూలుగా అందరూ తలూపేసే ప్రశ్న.

"ఆ పిమ్మట సదరు తీగను బాగుచేయుట జరిగినది గదా?"

నిజానికి మావయ్య ఆ సాయంత్రమే ముడేశాడు. రాత్రికి రేడియోలో వార్తలు కూడా విన్నారు. మంగతాయారు హిమజ వంక చూసింది. ఆ పిల్ల ముక్కు మళ్ళీ ఎర్రబడుతోంది.

"లేదు బాబూ" అంది మంగతాయారు. "ఎవరూ రాలేదు. ఆనాటి నించి ఈనాటిదాకా కళ్ళు కాయలు కాచేలా చూస్తూనే ఉన్నాం."

గుమాస్తా ఆవిడన్నది అన్నట్టు ఎక్కించేశాడు.

సర్వమంగళ వారి కంప్యూటర్లో ఒక ఏర్పాటుంది. ఫిర్యాదు కాస్త ఆలస్యమైతే పచ్చది పసుపవుతుంది. బాగా ఆలస్యమైతే ఎరుపవుతుంది. అయిదు దశాబ్దాలు దాటిపోయిన ఫిర్యాదుకి ఏ రంగు వెయ్యాలో దానికెవరూ నేర్పలేదు. ఒక్క క్షణం ఆలోచించి, ఉన్న రంగులన్నీ కలిపేసి, నల్లగా అయిపోయింది. హెడ్డాఫీసులో పెద్దవారు రోజూ చూసుకునే గోడంత తెర కూడా దానితోపాటే నల్లబడింది. పరిశీలనాధికారి బొండాడ త్రినాథరావు పేరు ఒక్కటి మాత్రం మధ్యలో తెల్లగా కనిపిస్తోందట.

ఫోన్ మోగింది. త్రినాథరావు గారు నిలబడే మాట్లాడారు. "చిత్తం... చిత్తం... నేను అప్పటికి బాలుడనండీ... చిత్తం." ఫోన్ పెట్టేసరికి ఆయన గ్రాంథికం సగం ఊడిపోయింది.

"అమ్మా, మీ కాళ్ళకి మొక్కుతాను. బాగైపోయింది అనండి. ఒక్క మాట!"

"బాగుచేస్తే ఎందుకనను నాయనా? మా స్తంభం దగ్గర చూడమని దావీదుని పంపించు."

"ఎలా పంపను తల్లీ! ఇవాళ లైనులో లోపం ఉన్నట్టు లాగ్‌లో లేదు. లేని లోపానికి మనిషిని పంపితే నాకు మెమో ఇస్తారు. లోపం ఉన్నది డెబ్భైలో, రెండు కొబ్బరిచెట్ల మధ్య. దానికైతే ఆర్డరు వెయ్యగలను."

"సరే, దానికే వెయ్యి" అంది మంగతాయారు. హిమజ ఏదో అనబోతే ఈసారి ఆవిడే గిల్లింది.

ఆ మధ్యాహ్నమే దావీదు నిచ్చెనతో వచ్చాడు. చేతిలో ఆర్డరు, మొహంలో దిగులు. "మామ్మగారూ, రెండు కొబ్బరిచెట్ల మధ్యనున్న తీగ సరిచెయ్యమన్నారు. మీ పెరట్లో చెట్లేవండీ? ఒక్క అరటి పిలక తప్ప నాకేం కనపడ్డం లేదు."

"తుఫానుకి పోయాయిరా. అది సరే గాని, ఎక్కడుండేవో చెప్పాల్సింది ఎవరు?"

దావీదు ఆర్డరు చూసుకున్నాడు. "సాక్షి చూపించిన చోట అని ఉందండి."

మంగతాయారు వీధి గుమ్మంలోకి నడిచి, ఎదురుగా నిలబడ్డ కంపెనీ స్తంభం కేసి చెయ్యి చూపించింది. "అదిగో, అదే కొబ్బరిచెట్టు. అప్పుడు కాయలు కాసేది, ఇప్పుడు వైర్లు కాస్తోంది."

దావీదు స్తంభం కేసి చూశాడు, ఆవిడ కేసి చూశాడు. మొహంలో దిగులు మెల్లిగా జారిపోయింది. "మంచి జాతి చెట్టేనండి" అన్నాడు గంభీరంగా.

"మరి రెండోదెక్కడండీ?" అని తనే అడిగాడు.

"రెండోది మా డాబా మీద పిట్టగోడ పక్కన, ఆ వైరు ఇంట్లోకి దిగే చోట."

ఎక్కి చూస్తే పైన వైరు కలిసే చోట నీళ్ళు దిగి, బిళ్ళ తుప్పు పట్టి, చిటికేస్తే ఊడేలా ఉంది. అది కోసి కొత్తది బిగించాడు. డాబా మీదదీ మార్చాడు. లోపల హిమజ కేకేసింది, "అత్తయ్యా, వచ్చింది! పచ్చగా నిలబడింది!" దావీదు కాఫీ తాగుతూ ఆర్డరు మీద "కొబ్బరిచెట్లు రెండూ సరిచేయడమైనది" అని రాసుకున్నాడు. మంగతాయారు వేలిముద్ర వెయ్యబోయి, కోడలి ముందు పరువు పోతుందని, మెల్లగా కూడబలుక్కుంటూ సంతకమే పెట్టింది.

సోమవారం వచ్చింది. పైఅధికారులు కనిపెట్టి చూశారు. బయట జోరున వాన. నడిమింట్లో హిమజ, తలుపవతల పీట వేసుకుని మంగతాయారు. దీపాలు రెప్ప వెయ్యలేదు. అడవి ఊళ్ళ వైపు నించి ఎవరో ముసలావిడ ఫోన్ చేసి మోకాలి నెప్పితో మొదలెట్టి, మనవరాలి కాన్పు, మేక తప్పిపోవడం, తమ్ముడితో పొలం తగాదా అన్నీ చెప్పి, చివర్లో అడిగింది ఎముకల డాక్టరు ఎప్పుడుంటాడని. హిమజ ఆవిణ్ణి ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు. వింటున్న పైఅధికారిణి ముచ్చటపడిపోయింది.

"ఇంత ఓపిగ్గా వినడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఇంట్లోనేనండి" అంది హిమజ.

వారం గడిచింది. హాస్టలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఆదివారం వీధిలో కారాగింది. త్రినాథరావు గారు పళ్ళబుట్టతో దిగారు. హెడ్డాఫీసు తెర తెల్లబడిందట. అంత పాత ఫిర్యాదుని పరిష్కరించినందుకు ఆయనకి శాలువా కప్పారట. పోయిన గ్రాంథికం మొత్తం తిరిగొచ్చింది.

"అమ్మా, ఈ గ్రామమున డెబ్భై నాటి ఫిర్యాదులు ఇంకను అనేకము కలవు. తమరి ఆర్డరునే నమూనాగా గైకొని అందరికిని కొబ్బరిచెట్ల ఆర్డరులే వేసితిమి. తక్కిన సాక్షులు జ్ఞాపకశక్తి లోపము వలన వృక్షములను చూపలేకున్నారు. కొందరు చూపినను, అచ్చట స్తంభము లేదు. తమరు చూపిన వృక్షములు మాత్రమే ఖచ్చితముగా స్తంభముల స్థానమున నున్నట్లు దావీదు నివేదించినాడు. కావున సంస్థ తమరిని ప్రధాన సాక్షిగా నియమించుచున్నది. రోజూ కారు వచ్చును. వీధి వీధికి వెళ్ళి, ఆనాటి విశేషములను దయచేసి సంపూర్ణముగా చెప్పవలెను."

"సంపూర్ణంగానా?" అంది మంగతాయారు. "మధ్యలో ఆపరు కదా?"

"ఆపుటకు నియమావళి అంగీకరించదు."

మర్నాడు పొద్దున్న మంగతాయారు ఇస్త్రీ చీర కట్టుకుని, తల్లో చామంతి పెట్టుకుని కారెక్కింది. ముందు సీట్లో దావీదు, కారు పైన నిచ్చెన. హిమజ చెవిగొట్టాలు మెడలో వేసుకుని గుమ్మందాకా వచ్చింది. మాటామంతీ లేని ఇంటి కేసి ఓసారి వెనక్కి తిరిగి చూసుకుంది.

"మరి నాతో ఎవరు మాట్లాడతారత్తయ్యా?"

మంగతాయారు కారు అద్దం దించింది.

"ఫోన్ చెయ్యవే పిచ్చిదానా, లైను బాగుందిగా" అంది. "కాస్త ఆగి చెయ్యి. ముందు సాహెబుగారి వీధిలో చెట్లు నాటి రావాలి."